గోధుమ మానేసి బరువు పెరిగిన పిల్లలు

మా చెల్లెలు బరువు తగ్గాలని చపాతీలు మానేసింది. గ్లూటెన్ ఫ్రీ అట. అసలీ పథ్యం మొదలైంది పిల్లలు బరువు పెరగడానికండీ!

సీలియాక్ జబ్బున్న పిల్లలకు పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయేవి. 1924లో అమెరికా డాక్టర్ హాస్ అరటిపళ్ళ పథ్యం పెడితే కోలుకున్నారు. గుణం అరటిపండుదే అనుకున్నారు.

నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్ విల్లెం డికెకి మాత్రం యుద్ధానికి ముందే గోధుమ మీద అనుమానం. 1944-45 చలికాలం కరువులో రొట్టె దొరక్క జనం తులిప్ దుంపలు తిన్నారు. అందరూ చిక్కిపోతుంటే ఈ పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగొచ్చింది, జబ్బూ తిరగబెట్టింది. తన చేత్తో పెట్టిన రొట్టే బిడ్డకు పడట్లేదని ఏ తల్లి అనుకుంటుంది? 1950లో ఆయన సిద్ధాంత గ్రంథంలో అదంతా రాశాడు.

చెల్లెలు చపాతీ బదులు రెండు ముద్దలు అన్నం ఎక్కువే లాగిస్తోంది, బరువేం తగ్గుతుంది! కానీ దానికి ఎప్పటినుంచో కడుపుబ్బరం. గోధుమ మానేశాక రక్తపరీక్ష చేస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. అందుకే మళ్ళీ చపాతీ మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగమన్నాను.