ట్యాంకు గోడ ఎంత మిగిలింది?

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని మామూలు ఉక్కు ట్యాంకులోనే నిల్వ చేస్తారంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. 93 శాతానికి మించిన గాఢతలో ఆ ఆమ్లం ఉక్కుకు తగలగానే ఐరన్ సల్ఫేటు పొర కడుతుంది. ఆ పొరే గోడకు కాపలా. గాలిలోని తేమ లోపలికి చేరి ఆమ్లం పలచబడినా, ద్రవం వేగంగా రాసుకుంటూ పోయినా ఆ పొర లేచిపోతుంది. అప్పుడు ఉక్కు కరుగుతుంది, హైడ్రోజన్ పుడుతుంది. బయట వేసిన రంగు మాత్రం చెక్కుచెదరదు. లోపల ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో బయట నిలబడినవాడికి తెలిసేదెలా? రసాయన ట్యాంకుల తనిఖీ చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది.

రెండో ప్రపంచ యుద్ధం దాకా తనిఖీదారు చేతిలో ఉన్నవి సుత్తి, డ్రిల్లు. వాటికి తోడు అతని చెవి. బాగున్న ప్లేటు సుత్తి దెబ్బకు ఖంగున మోగుతుంది, తుప్పు తిన్న చోట ఆ మోత ఉండదు. అనుమానం బలపడితే అక్కడ చిన్న రంధ్రం తొలిచి, గేజుతో మందం కొలిచి, మళ్లీ బిగించేవారు. గోడ గట్టిదో కాదో తెలుసుకోవడానికి గోడకే చిల్లు పెట్టాల్సిన రోజులవి.

మిషిగన్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ ఈ దశను దాటించాడు. 1940లో ఆయన దరఖాస్తు చేసిన పేటెంటు 1942లో మంజూరైంది. లోహంలోకి ఒక వైపు నుంచే అతిధ్వని తరంగాన్ని పంపి, వెనక్కొచ్చే ప్రతిధ్వనిని పట్టుకునే పరికరమది. ఉక్కులో ఆ తరంగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు పరుగెత్తుతుంది. 10 మిల్లీమీటర్ల ప్లేటు అవతలి అంచు తాకి తిరిగి రావడానికి దానికి మూడున్నర మైక్రోసెకన్లు కూడా పట్టవు. ఫైర్‌స్టోన్ వెతికింది లోహం లోపలి లోపాలను. అదే సూత్రం మీద తర్వాత చేతిలో ఇమిడే మందం గేజులు వచ్చాయి. ఇవాళ తనిఖీదారు గోడకు కాస్త జెల్ పూసి, ప్రోబ్ ఆనించి, తెర మీద అంకె చదివి రాసుకుంటాడు.

అయితే ఆ అంకె ప్రోబ్ ఆనిన చోటిది మాత్రమే. జానెడు అవతల గుంట పడి ఉన్నా దానికి తెలియదు. అడుగు ప్లేటు సంగతి ఇంకా కష్టం. దాని కింద నేల, పైన రసాయనం. అడుగంతా అయస్కాంత క్షేత్రంతో జల్లెడ పట్టే స్కానర్లు ఉన్నాయి గానీ, ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, లోపలి గాలిని పరీక్షించాకే మనిషి వాటితో మ్యాన్‌హోల్‌లోంచి దిగగలడు. ఖాళీ చేస్తే పని ఆగుతుంది. తగాదా ఎప్పుడూ అక్కడే వచ్చింది.

అమెరికాలోని డెలవేర్ సిటీలో, మోటివా రిఫైనరీలోని 393 నంబరు ట్యాంకు కథ చూడండి. మొదట తాజా ఆమ్లం కోసం కట్టిన ఆ ట్యాంకులో తర్వాత వాడేసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం నింపారు. 1998 నుంచి దాని గోడ ఏటా ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంది. ట్యాంకు ఆపి లోపల చూడాలని తనిఖీదారులు పదేపదే రాశారు. ప్రతిసారీ వాయిదా పడింది, అతుకులతో సరిపెట్టారు. ట్యాంకు ప్రమాదకరంగా ఉందని 2001 జూన్‌లో అక్కడి ఆపరేటర్లే రాతపూర్వకంగా తెలిపారు. జూలై 17న పైనున్న నడకదారిని బాగుచేస్తుండగా లేచిన నిప్పురవ్వ లోపలి మండే ఆవిరికి అంటుకుంది. ట్యాంకు పేలింది. ఒక కార్మికుడు చనిపోయాడు, ఎనిమిది మంది గాయపడ్డారు, ఆమ్లం డెలవేర్ నదిలో కలిసింది. గోడ పలచబడిన విషయం అందరికీ తెలుసు, కాగితాల్లోనూ ఉంది. ఇది పరికరాల వైఫల్యం కానే కాదు. తనిఖీదారు మాటకు ట్యాంకును ఆపించే అధికారం లేకపోవడమే ఆ ప్రాణం తీసింది.

అమెరికాలో ఈ పనికి ప్రత్యేక ప్రమాణం వచ్చిందీ ఒక ప్రమాదం తర్వాతే. 1988 జనవరి 2న పెన్సిల్వేనియాలోని ఫ్లోరెఫ్‌లో, వేరే చోటి నుంచి విప్పి తెచ్చి బిగించిన 40 ఏళ్ల నాటి ట్యాంకు నిండుగా నింపిన తొలిసారే చీలిపోయింది. సుమారు 39 లక్షల గ్యాలన్ల డీజిల్ పొర్లింది. అందులో కొంత మొనాంగహేలా నదిలోకి చేరి కింది ఊళ్లకు తాగునీరు బందైంది. ఆ చీలిక తుప్పు వల్ల కాదు, ఉక్కులోని పాత లోపం వల్ల. అయినా వాడుకలో ఉన్న ట్యాంకులను ఎలా చూడాలన్న చర్చ అప్పుడే ఊపందుకుంది. అమెరికా పెట్రోలియం సంస్థ 653 నంబరు ప్రమాణం 1991లో వెలువడింది. దాని ప్రకారం బయటి తనిఖీ కనీసం అయిదేళ్లకోసారి జరగాలి. తుప్పు వేగం తెలియని అడుగును పదేళ్లలోపే తెరిచి చూడాలి.

కానీ అది ప్రధానంగా చమురు ట్యాంకుల కోసం రాసింది. చమురు కాని ట్యాంకు సంగతి ఏమైందో చూడండి. వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో ఫ్రీడమ్ ఇండస్ట్రీస్ ట్యాంకు అడుగును తుప్పు లోపలి నుంచే గుంటలుగా తినేసింది. 2014 జనవరి 9న ఆ చిల్లుల్లోంచి బొగ్గు శుద్ధికి వాడే రసాయనం ఎల్క్ నదిలోకి పోయింది. సుమారు 3 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దన్నారు.

మన దేశంలో భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత, 1986లో, చమురు పరిశ్రమ భద్రతా సంస్థ ఏర్పడింది. ట్యాంకుల తనిఖీకి అది 129 నంబరు ప్రమాణం రాసింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలు కార్మికులకే కాక చుట్టుపక్కల జనానికి కూడా ప్రమాదాల సమాచారం తెలపాలన్నారు. విశాఖ, పరవాడ, జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల్లో ట్యాంకుల నీడన బతికేవాళ్లు ఆ సమాచారం అడగాలి. ఫలానా ట్యాంకు అడుగును చివరిసారి ఏ సంవత్సరంలో తెరిచారో, అప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో చెప్పమని నిలదీయాలి.