ఖైరున్నీసా బేగం – కోఠీ వెనుక కథ

హైదరాబాదు కోఠీలోని మహిళా కళాశాల భవనం, అంటే నేటి మహిళా విశ్వవిద్యాలయం, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. మా మిరుదొడ్డి వంటి ఊళ్ల నుండి కూడా ఆడపిల్లలు చదువుకోవడానికి వెళ్లే చోటది. (కోఠీ అనగానే మా బడిపిల్లలు కోతి అనుకొని నవ్వేవారు, కోఠీ అంటే పెద్ద భవంతి అని ప్రతి ఏడూ చెప్పవలసి వచ్చేది.) దానిని కట్టించిన జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగంల కథను అందరూ అమర ప్రేమగాథగానే చెబుతారు. మిత్రులారా, నాకు మాత్రం అందులో ప్రేమకంటె అధికారమే ఎక్కువగా కనిపిస్తుంది.

కర్క్‌పాట్రిక్ సామాన్యుడు కాడు. 1798 సెప్టెంబరులో నిజాముతో ఒడంబడిక కుదిర్చి, అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని పెద్దగా రక్తం చిందకుండా నిరాయుధం చేయించిన దక్షుడు. ఖైరున్నీసా బాకర్ అలీఖాన్ మనుమరాలు, మీర్ ఆలంకు సమీప బంధువు. అప్పటికే ఆమెకు వేరొక సంబంధం నిశ్చయమై ఉండెను. ఇద్దరూ దగ్గరయ్యేనాటికి ఆమెకు 14 ఏండ్లు అటూ ఇటూ, ఆయనకు 35. ఆ పిల్లే తన్ను వలచి వచ్చిందనీ, ఇంటి స్త్రీలే తోడ్పడ్డారనీ ఆయన అన్నగారికి వ్రాసుకున్నాడు. కావచ్చును. కాని రాజ్యాన్నే శాసించగల రెసిడెంటు ఒక వైపు, ఆస్థానాన్ని నమ్ముకున్న కుటుంబం మరొక వైపు. అటువంటి చోట ‘వలచి’ అన్న మాటకు అర్థమేమిటో నేను నిశ్చయించలేను.

ఆయన ఇస్లాం స్వీకరించి నిఖా చేసుకున్నాడు. ఈ సంగతి తెలిసి గవర్నరు జనరల్ వెల్లెస్లీ మండిపడి 1801లో విచారణ జరిపించాడు. ఒక బాలిక జీవితం ఏమౌతుందోనన్నది అతని దిగులు కాదు. తన రెసిడెంటు విధేయత కంపెనీకా, నిజాముకా అన్నదే అతని ప్రశ్న.

1805లో ఇద్దరు పిల్లలనూ ఇంగ్లండుకు పంపారు. కొడుకుకు నాలుగేండ్లు, కూతురుకు మూడు. సాహెబ్ ఆలం విలియం జార్జి అయినాడు, సాహెబ్ బేగం కాథరిన్ అరోరా అయింది. తల్లి ఇష్టపడకనే వారిని సాగనంపింది. అదే ఏడు అక్టోబరు 15న కర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు.

అసలు చీకటి ఇక్కడే మొదలవుతుంది. భర్త సమాధిని దర్శించుకొనుటకు ఆమె కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమెకు ఆసరా అయినవాడు హెన్రీ రస్సెల్, కర్క్‌పాట్రిక్ కడనే పనిచేసి ఆయన నమ్మకం చూరగొన్న సహాయకుడు. చనిపోయిన దొర మీది భక్తి వితంతువు మీది మోజుగా మారింది. తిరుగు ప్రయాణంలో పిడుగు పడింది. 1804లో దివాను పదవి నెక్కిన మీర్ ఆలం ఆమె హైదరాబాదులో అడుగు పెట్టరాదన్నాడు. మునుపు తాను పదవి పోగొట్టుకొని, వంశానికి తలవంపులు తెచ్చిన వ్యవహారమిదేనన్న కసి అతనికి తీరలేదు. ఆంగ్లేయులూ అడ్డు చెప్పలేదు. దివాను తమకు కావలసినవాడు. బేగం మచిలీపట్నంలో ఉండిపోవలసి వచ్చింది.

సముద్రపు హోరు తప్ప తెలిసిన మొగము లేని ఆ రేవుపట్నంలో ఆమె రస్సెల్ మాట నమ్ముకొని ఎదురుచూసింది. అతడు 1808లో మద్రాసులో జేన్ కాసమేజరును పెండ్లాడాడు. ఆ కబురు తాను చెప్పలేక తమ్ముని పంపాడట! పగతో హింసించిన మీర్ ఆలంను అర్థం చేసుకోగలను గాని, మెత్తని మాటలతో కట్టివేసి తప్పుకున్న ఈ పెద్దమనిషిని చేసుకోలేను. జేన్ కొద్ది నెలలకే చనిపోయింది. 1811లో రస్సెల్ రెసిడెంటై అదే కోఠీలో కొలువుదీరాడు.

మీర్ ఆలం మరణించిన తరువాతనే ఆమె తిరిగి రాగలిగింది. 1813 సెప్టెంబరులో, ఇంకా 27 ఏండ్ల వయసున, రెసిడెన్సీ రంగ్‌మహల్లో ప్రాణం విడిచింది. ఆ రంగ్‌మహల్ కూడ 1860లో కూల్చబడింది. మనకు తెలిసినదంతా ఆ పురుషులు ఒకరికొకరు వ్రాసుకున్న జాబుల వలననే.

కూతురు కిట్టీ ఇంగ్లండులో పెరిగింది. చిన్నతనాన జార్జి చిన్నరీ తమ ఇద్దరినీ కూర్చోబెట్టి చిత్రించిన పటం చాలా ఏండ్లకు ఎవరింట కనిపించిందనుకున్నారు? రస్సెల్ ఇంటనే! చూచి ఏడ్చిందట. అటుపిమ్మట 1841 ప్రాంతంలో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. మనుమరాలి జాబులు ఇంగ్లీషున, అమ్మమ్మవి పారసీలో. నడుమ అనువదించేవారు కావలెను. అమ్మమ్మ ఒక జాబుతో ఖైరున్నీసా తలవెండ్రుకల పాయను పంపింది. వారిద్దరూ మళ్లీ కలుసుకోలేదు. అమ్మమ్మ 1847లో పోయింది, కిట్టీ 1889లో.