తడ దగ్గర ఆగిన ఆసుపత్రి దారి

మన నెల్లూరు తీరం వాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే ఇంటి పెద్దలు అడిగే మొదటి మాట ఒకటే: "మద్రాసుకు పోయొచ్చారా?" 1996లో ఆ పట్నం పేరు చెన్నై అయింది గాని మన నోట ఈ మాట మారలేదు. కారణం లేకపోలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. హైకోర్టు పనైనా, పెద్ద చదువైనా, పెద్ద ఆసుపత్రైనా రైలెక్కి అక్కడికే పోవాలి. రాష్ట్రాలు వేరుపడినా రోగి పోయే దారి మాత్రం వేరుపడలేదు. ఆ దారి 2020లో మూతబడినప్పుడు క్యాన్సర్ రోగులు ఎన్ని అవస్థలు పడ్డారో మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మహమ్మారి మనకు కొత్త కాదు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా జ్వరం బొంబాయి రేవులో అడుగుపెట్టి, రైలు మార్గాల వెంట దేశమంతా పాకి, కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. అయితే ఆనాడు మన పల్లెల్లో రాచపుండు వచ్చిన మనిషికి ఆగిపోవడానికి వైద్యమంటూ లేదు. అది తర్వాతి కాలంలో వచ్చింది. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలిసింది. చెల్లెలిని ఈ జబ్బుకే పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పట్టుదలతో 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మరుసటి ఏడు హైదరాబాదులో, ఇప్పుడు మెహదీ నవాజ్ జంగ్ గారి పేర నడుస్తున్న క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజనతో అదీ పక్క రాష్ట్రంలో పడింది. నెల్లూరులో, తిరుపతిలో కొంత వైద్యం పెరిగినా, మన తీరం వాళ్ళు చాలామంది పాత అలవాటు కొద్దీ దక్షిణానికే పోతూ వచ్చారు. 2019 నవంబరు 1 నుంచి చెన్నైలోని కొన్ని ఆసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ కూడా చెల్లుతుందన్నారు. పేదవాడికి ఇక ఫరవాలేదనుకున్నాం. ఐదు నెలలు తిరగకముందే దారి మూతబడింది.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు 2020 మార్చి 12న మన నెల్లూరులోనే తేలింది. 22న జనతా కర్ఫ్యూ. దానితోపాటే ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. 25 నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్. ఈ 21 అనే అంకె గమనించండి. క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందు చాలామందికి 21 రోజులకు ఒక విడత. అంటే అటువంటి ప్రతి రోగికీ ఆ మొదటి గడువులోనే ఒక తేదీ వచ్చి తీరుతుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మా ఖాలాకు రొమ్ము క్యాన్సర్. ఆరు విడతల్లో నాలుగు చెన్నైలో అయినాయి. ఐదోది మార్చి 30న. రైలు లేదు, బస్సు లేదు. కారులో పోదామంటే తడ దగ్గర భీమునివారిపాళెం చెక్‌పోస్టు. ఇటు కదలడానికి ఒక పాసు, అటు అడుగుపెట్టడానికి ఇంకొక పాసు. ఒకటి చేతికొచ్చేసరికి ఆసుపత్రి వాళ్ళిచ్చిన తేదీ దాటిపోయేది. కొత్త తేదీ అడిగి మళ్ళీ మొదటికి రావడం. "కరోనా అంటే నాకు భయం లేదు బేటా, తేదీ పోతోందే అని భయం" అనేది ఖాలా. చివరికి రంజాన్ పదో రోజున, మే 4న, కారు బాడుగ ఎనిమిది వేలు పెట్టి పోయొచ్చాం. మందు 35 రోజులు ఆలస్యమైంది.

ఆలస్యమైతే ఏమవుతుందని అడగవచ్చు. విడతకూ విడతకూ మధ్య ఎడం లెక్క ప్రకారం పెట్టిందే. అది పెరిగితే మిగిలిపోయిన క్యాన్సర్ కణాలకు మళ్ళీ పుంజుకునే వ్యవధి దొరుకుతుంది. మనవాళ్ళు కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున వారాల తరబడి సాగాలి. నోరు, గొంతు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్లలో అది మధ్యలో ఆగితే ఫలితం దెబ్బతింటుంది. పోనీ ఎలాగైనా పోదామా అంటే ఇంకో గండం. కీమో వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి. ఆ స్థితిలో కరోనా సోకితే ప్రాణానికే ముప్పు. ఆ మే నెలలోనే చెన్నై కోయంబేడు మార్కెట్టు నుంచి జబ్బు మన జిల్లాకూ పాకింది. జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో మళ్ళీ గట్టి లాక్‌డౌన్ పెట్టారు. ఇంట్లో ఉంటే ఒక భయం, బయలుదేరితే ఇంకో భయం.

దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల లెక్కలు తీసి చూశారు. 2020 మార్చి నుంచి మే వరకు కొత్తగా నమోదైన రోగులు, అంతకు ముందు ఏడు అవే నెలలతో పోలిస్తే, 1,12,270 నుంచి 51,760కి పడిపోయారు. పెద్ద ఆపరేషన్లు సుమారు సగం తగ్గాయి. జబ్బు తగ్గి కాదు గదా! గడ్డ కనబడినా, రక్తం పోతున్నా, "ఈ గొడవ తగ్గినాక చూద్దాంలే" అని ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు వాళ్ళంతా. మన తీరంలో అటువంటి ఆడవాళ్ళు ఎందరో!

ఇంట్లో బతుకూ మారిపోయింది. పలకరించేవాళ్ళు గడప బయటే నిలబడ్డారు. ఆ ఏడు, మరుసటి ఏడు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జనంతో జరగలేదు. స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకోవాలని ఏడాది పొడుగునా ఎదురుచూసిన రోగులకు అదొక పెద్ద వెలితి. 2021 మే నెలలో కృష్ణపట్నంలో మందు ఇస్తున్నారని వేలాది జనం పోగైనప్పుడు, క్యాన్సర్ రోగులున్న ఇళ్ళలో పోదామా వద్దా అని తర్జనభర్జనలు పడ్డారు. అంత గుంపులో వాళ్ళు నిలబడటమే ప్రమాదం.

కష్టం కొన్ని మేళ్ళనూ మిగిల్చింది. 2020 మార్చి 25న ఫోను ద్వారా వైద్యం చేయడానికి ప్రభుత్వ నిబంధనలు వచ్చాయి. ఖాలా రక్తపరీక్ష నెల్లూరులోనే చేయించి, కాగితం ఫోటో తీసి డాక్టరుకు పంపితే సరిపోయింది. 2022 మే 5న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ ప్రారంభమైంది. రాష్ట్రం దాటకుండా పోగలిగే చోటు ఇంకొకటి అమరింది.

సభ్యులకు నా మనవి ఒక్కటే. వరదైనా, తుఫానైనా, మహమ్మారైనా దారి మళ్ళీ మూతబడే రోజు రావచ్చు. సంఘం దగ్గర ఒక పుస్తకం ఉండాలి. అందులో మన ఇళ్ళలో చికిత్స నడుస్తున్న రోగుల పేర్లు, రాబోయే విడత తేదీ, మందుల చీటీ నకలు, రక్తం గ్రూపు, కారు ఇవ్వగల సభ్యుని ఫోను నెంబరు, వాళ్ళ అనుమతితో, రాసి పెట్టుకోవాలి. నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు అన్ని అంగళ్ళలో దొరికేవి కావు. ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కొని ఉంచాలి. గడ్డ కనిపించిన తల్లినీ చెల్లినీ "తర్వాత చూద్దాం" అననీయకూడదు.

మా ఖాలా ఆరో విడతా పూర్తి చేసుకుంది. ఇప్పుడు పరీక్షలకు మాత్రమే పోయొస్తోంది. ఆ వేసవిలో ఆమె కోసం పాసుల వెంట తిరిగినవాళ్ళం నలుగురం. ఆ నలుగురూ లేని ఇళ్ళ కోసమే ఈ పుస్తకం పెట్టమంటున్నాను.