ఇథనాల్ (వాహన ఇంధనం)

ఇథనాల్ పెట్రోలు ఇంజన్లలో ప్రత్యామ్నాయ ఇంధనంగా వాడబడే ఒక ఆల్కహాలు. దీనికి ఇథైల్ ఆల్కహాలు అని మరొక పేరు కలదు. చెరకు రసం, మొలాసిస్, మొక్కజొన్న, నూకలు మొదలైనవాటిని ఈస్టుతో పులియబెట్టి, బట్టీపట్టి, నీటిని తొలగించి దీనిని తయారుచేస్తారు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన మిశ్రమాన్ని ఇ20 అని వ్యవహరిస్తారు.

ఇంజనులో పనిచేయు తీరు

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి వెలువడుతుంది. ఇథనాల్ నుండి వెలువడేది సుమారు 21 మెగాజౌళ్ళు మాత్రమే. ఈ లెక్కన లీటరు ఇ20లో శక్తి పెట్రోలు కంటే దాదాపు 7 శాతం తక్కువ.

ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉన్నది. అందువలన కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అవసరం కాగా, ఇథనాల్‌కు 9 కిలోలు సరిపోతుంది. అంతే గాలికి ఎక్కువ ఇంధనాన్ని చిమ్మవలసి ఉంటుంది గనుక ఇంజనును అందుకు తగినట్లు సర్దాలి.

ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య పెట్రోలు కంటే ఎక్కువ. దీనికోసమే రూపొందించిన ఇంజనులో సంపీడన నిష్పత్తిని పెంచి, శక్తి లోటును కొంత పూడ్చుకోవచ్చును. పాత ఇంజన్లకు ఈ వెసులుబాటు లేదు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా చేరుతాయి. కొన్ని రకాల రబ్బరు గొట్టాలు, సీళ్ళు దెబ్బతినవచ్చును.

బ్రెజిల్ అనుభవం

1973 చమురు సంక్షోభం తరువాత బ్రెజిల్ 1975లో జాతీయ ఆల్కహాలు పథకాన్ని ప్రారంభించినది. 1979లో పూర్తిగా ఇథనాల్‌తో నడిచే ఫియట్ 147 కారు వచ్చినది. 1980 దశకం చివర ఇథనాల్ కొరత ఏర్పడి ప్రజలకు ఆ కార్లపై నమ్మకం సడలినది. 2003లో పెట్రోలు, ఇథనాల్ ఏ పాళ్ళలో కలిసినా నడిచే ఫ్లెక్స్ కార్లు రావడంతో ఆ ఇబ్బంది తొలగినది.

భారతదేశంలో

2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాలలో, 4 కేంద్రపాలిత ప్రాంతాలలో 5 శాతం మిశ్రమం మొదలైనది. 2022లో దేశం 10 శాతం లక్ష్యాన్ని చేరినది. 2023 ఫిబ్రవరిలో ఇ20 అమ్మకం ప్రారంభమై, 2025 నాటికి దేశమంతటా విస్తరించినది. ముడిచమురు దిగుమతి ఖర్చు తగ్గించడం, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ కల్పించడం దీని ఉద్దేశాలు.

విమర్శలు

ఇ10కు సర్దిన పాత కార్లలో ఇ20 వాడితే మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసినది. ఆహారధాన్యాలను, నీటిని ఇంధనానికి మళ్ళించడంపై కూడా అభ్యంతరాలు ఉన్నాయి. 2023 డిసెంబరులో కేంద్రం చక్కెర కొరత భయంతో చెరకు రసం వాడకంపై ఆంక్షలు విధించగా, మొక్కజొన్న వాడకం పెరిగినది. అది కోళ్ళ దాణాకు కూడా ముఖ్యమైన ముడిసరుకు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ వద్ద ఇథనాల్ కర్మాగారానికి వ్యతిరేకంగా రైతులు ఆందోళన చేశారు.

పాత వాహనం గలవారు తమ ఇంజను ఎంత శాతం ఇథనాల్‌కు అనువైనదో వాహనంతో ఇచ్చిన పుస్తకంలో చూసుకొనుట మంచిది.

ఇవి కూడా చూడండి
- బయోడీజిల్
- సి.ఎన్.జి.
- ఆక్టేన్ సంఖ్య