లక్కపిడత చెప్పే పాఠం

దసరా కొలువుకు మనలో చాలామంది బెంగుళూరు - మైసూరు దారిలో చన్నపట్న దగ్గర ఆగి బొమ్మలు కొంటుంటాం. ఆ బొమ్మలకు మన ఏటికొప్పాక లక్కపిడతలతో దగ్గర చుట్టరికం ఉందని ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు. ఆ రెండు ఊళ్లనూ నిలబెట్టింది పనితనం ఒక్కటే కాదు, తప్పును దిద్దుకునే అలవాటు కూడా.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. చన్నపట్నలో వాడే హాలె మర కూడా అదే చెట్టు. కోస్తే పాలు కారుతుంది, కర్ర తెల్లగా, మెత్తగా, సమంగా ఉంటుంది. టిప్పు సుల్తాను పారశీక పనివాళ్లను పిలిపించడంతో చన్నపట్నలో ఈ విద్య మొదలైందని అక్కడివారు చెప్పుకుంటారు. పని తీరూ రెండు చోట్లా ఒకటే. తరిమెన మీద తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే, రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు.

ఈ పనిలో మొదటి తప్పు పచ్చి కర్ర దగ్గరే జరుగుతుంది. కర్ర ఆరేటప్పుడు పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగా మాత్రం తగ్గుతుంది. అదీ అన్ని వైపులా సమంగా కాదు. వలయాల వెంబడి తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెట్టింపు. అందుకే పచ్చిగా ఉన్నప్పుడు గుండ్రంగా చెక్కిన గిన్నె ఆరాక కోలగా మారుతుంది, లేదా పగులుతుంది. కుంకుమ భరిణె మూత అయితే బిగుసుకుపోతుంది, కాదంటే వదులైపోతుంది. ఈ లెక్క పుస్తకంలో చదివి కాదు, పగిలిన పిడతలను చూసి తెలుసుకున్నారు పాతవాళ్లు. అందుకే కర్రను ముందు నీడలో నెలల తరబడి ఆరనిస్తారు. ఆ ఓపిక లేనివాడికి తరిమెన పని అబ్బదు.

రెండో తప్పు పెద్దది. అది ఒక మనిషిది కాదు, కాలానిది. చవగ్గా, త్వరగా పని అవుతుందని రసాయన రంగులు వచ్చాయి. మెరుపు బాగానే ఉంది. కానీ పిడత పిల్లల చేతిలో ఆగదు, నోట్లోకి పోతుంది. సీసం లాంటివి ఉన్న రంగు పసివాళ్ల మెదడుకే చేటు. ఏటికొప్పాకలో సి.వి. రాజుగారు పనివాళ్లతో కూర్చుని చెట్టూచేమల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు లాంటివి. ఇది తేలిక పని కాదు. కొన్ని రంగులు లక్క వేడికి మారిపోతాయి. పసుపు ఎండకు వెలిసిపోతుంది. ఒక్కో రంగు కుదరాలంటే ఎన్నో కడ్డీలు పాడుచేసుకోవాల్సిందే. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది.

మూడో తప్పు ఇంకా పూర్తిగా దిద్దుకోలేదు. కొట్టినంతగా అంకుడు చెట్లు నాటలేదు. దగ్గరి కొండల్లో కర్ర కరువైంది. పగిలిన పిడత బదులు సాయంత్రానికి ఇంకొకటి చెయ్యొచ్చు. చెట్టుకు మాత్రం ఏళ్లు పడుతుంది. చేసినవాడి తప్పును కొడుకు మోయాలి.

ఇందులో మన వంతూ ఉంది. బేరమాడి చవక రంగు బొమ్మ కొంటే, ఓపికగా ఆకు రంగు పట్టించినవాడి పొట్ట కొట్టినట్టే. ఈసారి కొలువుకు కొనేటప్పుడు "ఇది ఏ రంగు? ఏ కర్ర?" అని అడగండి. కన్నడంలో అడిగినా సరే, తెలుగులో అడిగినా సరే. కొలువులో చన్నపట్న బొమ్మ పక్కన ఒక ఏటికొప్పాక పిడత పెట్టి, రెండూ ఒకే చెట్టు పిల్లలని మన పిల్లలకు చెప్పండి. వీలున్నవారు సంఘం స్థలంలో ఒక అంకుడు మొక్క నాటే సంగతి వచ్చే సమావేశంలో మాట్లాడదాం.