కారు మెరుపు: రుద్దిన చేతుల చరిత్ర

పదవీ విరమణ చేసిన మనలో చాలామంది ఇళ్ళ ముందు ఇవాళ ఒక కారు ఉంటోంది. కొందరు గ్రాట్యుటీ సొమ్ముతో కొనుక్కున్నారు. కొందరికి పిల్లలు కొనిచ్చారు. మరికొందరు విదేశంలో ఉన్న అబ్బాయి కారుకు కాపలాదారులు. పాలు, పేపరు, వాకింగు అయ్యాక ఒక గుడ్డ పట్టుకుని కారు తుడవడం దినచర్యలో భాగమైపోయింది. మన నెలవారీ సమావేశాల్లో డి.ఎ. బకాయిల సంగతి ముగిశాక తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది: "రోజూ తుడుస్తూనే ఉన్నానండీ, అయినా మెరుపు పోతోంది, ఎందుచేత?"

రోజూ తుడవడం చేతనే కావచ్చునని జవాబు చెబితే మిత్రులు నవ్వుతారు. కాని అది హాస్యానికన్న మాట కాదు. కారు రంగుకు నూరేళ్ళు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ప్రతి తరం రంగునూ ఒక్కో పద్ధతిలో రుద్దారు. ఒక తరం రంగును బతికించిన రుద్దుడే తరువాతి తరం రంగును చంపింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, సగం కార్లు బాగుపడతాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ కథ కాస్త వివరంగా మనవి చేస్తున్నాను.

మొదటి మోటారు కార్లకు గుర్రపు బగ్గీల రంగే వేసేవారు. అవిసె నూనెలో కలిపిన రంగు, దానిపైన రాళ్ళ వంటి చెట్టు జిగురును కరిగించి చేసిన వార్నిష్. ముందు సీసపు తెలుపుతో ఒక పూత, తరువాత లప్పం. అది ఆరాక ప్యూమిస్ అనే నురుగురాయితో నీళ్ళు పోస్తూ రుద్దడం. మళ్ళీ పూత, మళ్ళీ రుద్దడం. ఇలా ఒక మంచి కారుకు రంగు పూర్తి కావడానికి మూడు నాలుగు వారాలు పట్టేది. దుమ్ము లేవకుండా వార్నిష్ గదిలో నేల తడిపి మరీ పని చేసేవారు. గుర్రపుశాలలో పుట్టే అమ్మోనియా వాసనకు వార్నిష్ చెడిపోతుందని బగ్గీలను శాలకు దూరంగా ఉంచేవారు. ఆ మెరుపు కోసం పనివాళ్ళు చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. సీసపు దుమ్ము కడుపులోకి పోయి వచ్చే శూలనొప్పికి ఆ రోజుల్లో ఇంగ్లీషు వైద్యులు పెయింటర్ల నొప్పి అనే పేరే పెట్టారు.

ఆ యుగపు వైభవం ఎలాంటిదో చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారీకి ఇచ్చిన ఆ పసుపుపచ్చని కారుకు బార్కర్ కంపెనీ వారు బాడీ కట్టారు. కారు చేతికి రాకముందే, 1911లోనే, ఆయన కాలం చేశారు. తరువాత దానిని బాగుచేయించి ప్రదర్శనకు ఉంచారు. మనుమలను తీసుకుని వెళ్ళినప్పుడు ఆ బాడీని కాస్త తీరిగ్గా చూడండి. దానిని కట్టింది బగ్గీలు కట్టే పనితనమేనని తెలుస్తుంది.

నవాబుల కార్లకు నెల రోజులు ఆగవచ్చు. వేల కొద్దీ కార్లు చేసే హెన్రీ ఫోర్డుకు ఆగడం కుదరదు. అందుకని 1914 నుంచి 1925 దాకా ఆయన మోడల్ టి కార్లు నలుపు రంగులోనే వచ్చాయి. తారు జాతి పదార్థంతో చేసిన ఆ నల్ల ఎనామెల్ చవక, గట్టిది, పొయ్యి గదిలో కాల్చి ఆరబెట్టడానికి వీలైనది. జనానికి కారు అందింది కాని రంగు మాత్రం పోయింది.

ఆ రంగును తిరిగి తెచ్చింది తుపాకి మందంటే ఆశ్చర్యం కలుగుతుంది. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే నైట్రో సెల్యులోజ్ అనే పదార్థాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో డ్యూపాంట్ కంపెనీ గుళ్ళ మందు కోసం విపరీతంగా తయారు చేసింది. 1918లో యుద్ధం ముగిసింది. కర్మాగారాలు మిగిలిపోయాయి. దీన్ని ఇంక దేనికి వాడాలి అనే వెతుకులాటలో, 1920 ప్రాంతంలో, చిక్కదనం తక్కువగా ఉండి రంగు ఎక్కువ పట్టే లక్కర్ ఒకటి వారి ప్రయోగశాలలో దొరికింది. జనరల్ మోటార్స్ పరిశోధనాధిపతి చార్లెస్ కెటరింగ్ దాన్ని కార్లకు పనికివచ్చేలా చేయించే పని భుజాన వేసుకున్నారు. దాని పేరే డ్యూకో. 1924 మోడల్ ఓక్‌లాండ్ కారు ఆ నీలి రంగుతో బజారుకు వచ్చింది. కుంచె పోయి స్ప్రే గన్ వచ్చింది. వారాల పని గంటల్లోకి దిగింది. 1926 మోడల్‌కు ఫోర్డు కూడా రంగుల దారి పట్టక తప్పలేదు.

ఈ డ్యూకో మన తెలుగువారికి పరాయిది కాదు. నిర్మల్ కొయ్యబొమ్మలనూ, నిర్మల్ చిత్రాలనూ చూడని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. పునికి కర్రను చెక్కి, నున్నగా చేసి, ఆ కళాకారులు వాటిపై వేస్తూ వచ్చినవి ఈ డ్యూకో రంగులే. అమెరికాలో కారు కోసం పుట్టిన మెరుపు నిర్మల్‌లో చిలుకకూ, లేడిపిల్లకూ అబ్బింది. బీరువాకు, ఫ్రిజ్‌కు రంగు వేయించేటప్పుడు కూడా డ్యూకో పెయింటు అనే మన పెద్దలు అనేవారు.

అయితే ఈ లక్కర్‌కు ఒక లోపం ఉంది. ఆరాక దానంతట అది మెరవదు. రుద్దితేనే మెరుస్తుంది. పైగా ఎండకు పైపొర చచ్చి, సున్నం కొట్టినట్లు పొడి రాలుతుంది. ఆ చచ్చిన పొరను రుద్ది తీసేస్తే కింద కొత్త రంగు కనిపిస్తుంది. రంగు దళసరిగా ఉండేది గనుక రుద్దడానికి సరుకుండేది. పాలిషు, మైనం డబ్బాల వ్యాపారం అప్పుడే బాగా పెరిగింది.

మైనాలలో రాణి వంటిది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక జాతి తాటిచెట్టు, మండే ఎండలో తన ఆకులోని తడి ఆరిపోకుండా పైన పూసుకునే మైనమది. 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటితేగాని కరగదు. 1935లో అమెరికాలోని జాన్సన్ మైనం కంపెనీ అధిపతి హెర్బర్ట్ జాన్సన్ జూనియర్, నీటి మీద కూడా దిగగల విమానంలో, ఆ చెట్లను వెతుక్కుంటూ బ్రెజిల్ దాకా వెళ్ళారు. తన ఆకును ఎండ నుంచి కాపాడుకునే చెట్టు, ఎవరి కారు రంగునో కాపాడుతోంది!

ఇక మన దేశం సంగతి. 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌ను చేసింది. బొంబాయిలో ఫియట్, అదే తరువాత ప్రీమియర్ పద్మిని. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. మన సర్వీసు కాలమంతా ఈ మూడు కార్ల చుట్టూనే తిరిగింది. ఆఫీసు ముందు తెల్ల అంబాసిడర్ నిలిచిన తీరు అందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. సీట్లపై తెల్లని టర్కీ తువ్వాళ్ళు, కిటికీలకు పరదాలు. దొరగారు దిగేలోపు డ్రైవరు గారు పసుపుపచ్చ డస్టరు గుడ్డతో బానెట్ మీద ఒకసారి, అద్దం మీద ఒకసారి. కొందరు ఆ గుడ్డకు కొంచెం కిరోసిన్ కూడా పట్టించేవారు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి రబ్బింగ్ కాంపౌండు తెచ్చి, చొక్కా తడిసేదాకా రుద్ది, పైన మైనం పట్టిస్తే అంబాసిడర్ మళ్ళీ పెళ్ళికొడుకయ్యేది.

ఆ పని ఏ డ్యూటీ చార్టులోనూ ఉండేది కాదు. ఓవర్‌టైమూ ఉండేది కాదు. కారు మెరిస్తే అధికారికి పేరు, మాసిపోతే డ్రైవరుకు మాట. మన సంఘంలో ఉన్న విశ్రాంత డ్రైవర్ల భుజాల నొప్పులలో ఆ మెరుపు వాటా ఎంతో ఎవరూ లెక్క వేయలేదు. రుద్దిన చేతుల చరిత్ర అని ఈ వ్యాసానికి పేరు పెట్టడానికి కారణం వారే.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాల్లో మన రోడ్ల మీది కార్లతో పాటు వాటి రంగు కూడా లోలోపల మారిపోయింది. మొదటి మార్పు అడుగున జరిగింది. బాడీ మొత్తాన్ని రంగుతొట్టిలో ముంచి, కరెంటు పంపి, మూలమూలలా పూత పట్టించే పద్ధతి వచ్చింది. 1976లో అమెరికాలో మెరుగుపడిన ఈ విధానం వల్లనే నేటి కార్ల తలుపుల అంచులు పాత కార్లలా తుప్పుపట్టి రాలిపోవడం లేదు. రెండవ మార్పు పైన జరిగింది. రంగు పొరను పలచగా వేసి, దానిపైన రంగులేని పారదర్శకమైన పొర వేస్తారు. దానినే క్లియర్ కోటు అంటారు. మెరుపంతా అందులోనే ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనమూ ముఖ్యంగా అందులోనే ఉంటుంది.

ఆ పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక కంటె పలచన. పాత అలవాటు కొద్దీ రబ్బింగ్ కాంపౌండుతో ఏటేటా రుద్దితే మనం తీసేస్తున్నది చచ్చిన రంగును కాదు, కారు గొడుగును. కొన్నాళ్ళకు బానెట్ మీదా, టాప్ మీదా పాము కుబుసంలా పొర లేచిపోతుంది. అప్పుడు ఏ మైనమూ పనికిరాదు. మళ్ళీ రంగు వేయించవలసిందే.

మీ కారు ఏ తరానిదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కంటికి కనబడని మూల, తెల్ల గుడ్డతో కొంచెం పాలిషు రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే అది పాత పద్ధతి రంగు. తెల్ల కారైతే నల్ల గుడ్డ వాడండి. రంగు అంటకపోతే పైన క్లియర్ కోటు ఉన్నట్లు.

ఇక రోజూ పొడిగుడ్డతో తుడిచే విషయం. మన దుమ్ములో ఉన్నది చాలావరకు ఇసుక. అది క్లియర్ కోటు కంటె గట్టిది. పొడిగా తుడిస్తే గుడ్డ గరుకు కాగితమవుతుంది. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే గీతలు అవే. కాబట్టి ముందు నీళ్ళు పోసి దుమ్మును జార్చి, తరువాత కారు షాంపూతో, పైనుంచి కిందికి, నీడలో కడగాలి. బట్టల సోడా, డిటర్జెంటు మైనాన్ని ఊడ్చేస్తాయి. బోరు నీళ్ళు ఆరితే సున్నపు మచ్చలు పడతాయి గనుక వెంటనే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. కాకి రెట్టను మర్నాటికి వాయిదా వేయకండి. ఎండకు మెత్తబడ్డ పొరలో అది ముద్ర వేసేస్తుంది. తడిగుడ్డ కాసేపు కప్పి నానబెట్టి తీయండి. విశాఖ, కాకినాడ, బందరు వంటి ఉప్పుగాలి ఊళ్ళవారు కారు అడుగుభాగం కూడా కడిగించాలి. మూడు నాలుగు నెలలకొకసారి మైనం పూస్తే చాలు.

లోపలి భాగానికీ ఇలాంటి చరిత్రే ఉంది. మొదట తోలు, దానికి నూనె. తరువాత రెగ్జిన్. ఈ పేరు ఇంగ్లండులోని ఒక కంపెనీ సరుకుది. గుడ్డ మీద పూసేది ఏమిటంటే, డ్యూకోలో ఉన్న నైట్రో సెల్యులోజే! కారు పైనా లోపలా ఒకే తుపాకి మందు బంధువులన్న మాట. తరువాత పి.వి.సి. వచ్చింది. ఎండలో మూసిపెట్టిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఆవిరై ముందు అద్దం లోపల జిడ్డు పొరగా పేరుకుంటుంది. ప్లాస్టిక్ బిరుసెక్కి పగులుతుంది. దీనికి జిడ్డుగా మెరిసే స్ప్రే మందు కాదు. నీడ, అద్దానికి అడ్డుతెర, తడి గుడ్డ. ఇవే మందు.

ఇప్పుడు సెరామిక్ కోటింగ్ అనీ, పారదర్శక ఫిల్ము అనీ కొత్తవి వచ్చాయి. ఫిల్ము మూలం వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలకు అంటించిన పాలీయూరిథేన్ పొర. అది రాళ్ళ దెబ్బకు నిజంగానే కొంత అడ్డు. సెరామిక్ పూత మాత్రం మహా అయితే కొన్ని మైక్రాన్లు. కడగడం తేలికవుతుంది, మెరుపు నిలుస్తుంది. అంతేగాని గీతలే పడవు, కడగనే అక్కర లేదు అనే అమ్మకందారు మాటకు పెన్షను సొమ్ము పోయనక్కరలేదు.

చివరగా ఒక మనవి. నేటి రెండు పాళ్ళ రంగులలో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. సరైన మాస్కు లేకుండా స్ప్రే చేసే కుర్రవాడికి అది ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. నాటి సీసం పోయి నేడు ఇది వచ్చింది. రంగు వేయించేటప్పుడు ధర అడిగినట్లే, పనివాడి ముఖానికి మాస్కు ఉందా అని కూడా అడుగుదాం. మన కారు కడిగే అబ్బాయికి ఒక బకెట్టు అదనంగా నీళ్ళు, ఒక మెత్తని గుడ్డ, పది రూపాయలు ఎక్కువ ఇద్దాం. తడపకుండా తుడవవద్దని చెబుదాం. నూరేళ్ళ చరిత్ర మనకు నేర్పే పాఠం ఆ ఒక్క ముక్కలోనే ఉంది.