ప్రతిపక్షంలో అంబేడ్కర్: 1951-56

ఏప్రిల్ 14న మన వాడల్లో కట్టే బ్యానర్ల మీద అంబేడ్కర్ చేతిలో రాజ్యాంగం ఉంటుంది. ఆ బొమ్మ మనకు ధైర్యం ఇచ్చింది, కాదనం. కానీ ఆ బొమ్మ 1950 దగ్గరే ఆగిపోయింది. నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికి వచ్చాక ఆయన ఇంకో ఐదేళ్ళు బతికాడు. ఆ ఐదేళ్ళూ ప్రతిపక్షంలోనే ఉన్నాడు. ఆ అంబేడ్కర్‌ను మనం ఎందుకు మర్చిపోయాం? మర్చిపోవడం ఎవరికి అనుకూలం? ఈ వ్యాసంలో మేము ఆ ఐదేళ్ళనే చూడదలచుకున్నాం.

1951 సెప్టెంబర్ 27న రాజీనామా లేఖ ఇచ్చాడు. హిందూ కోడ్ బిల్లును నడిదారిలో వదిలేశారన్నది కారణాల్లో ఒకటి మాత్రమే. షెడ్యూల్డ్ కులాల మీద ప్రభుత్వానికి పట్టింపు లేకపోవడం, విదేశాంగ విధానం, మంత్రివర్గంలో కీలక నిర్ణయాలకు తనను దూరంగా ఉంచడం కూడా ఉన్నాయి. అక్టోబర్‌లో సభలో ప్రకటన చదవబోతే ముందుగా ప్రతి ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. సభ నుంచి లేచిపోయి పత్రికలకు ఇచ్చాడు. ప్రతిపక్షంలోకి తొలి అడుగు అట్లా పడింది.

తర్వాత ఎన్నికలు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తన ప్రణాళికలో ఎవరితో కలవబోదో ముందే రాసుకుంది. హిందూ మహాసభ, ఆరెస్సెస్ వంటి పార్టీలతో పొత్తు లేదంది. కమ్యూనిస్టు పార్టీతోనూ లేదంది. రెండో మాట మీద మనలో ఇప్పటికీ తగాదా ఉంది, ఉండనీయండి. గమనించవలసింది వేరే: సీట్ల లెక్క తేలాక కాకుండా, ఓటరు ముందుకు పోకముందే ఆ గీత గీశాడు. బొంబాయిలో సోషలిస్టులతో కలిసి పోటీ చేసి, కాంగ్రెస్ తరఫున నిలబడిన నారాయణ్ కాజ్రోల్కర్ చేతిలో ఓడిపోయాడు. రాజ్యసభకు పోయాడు.

ఓడిపోయిన ఆ ఏడాదే, 1952 డిసెంబర్ 22న, పూనాలో న్యాయవాదుల ముందు మాట్లాడాడు. ప్రజాస్వామ్యం నడవాలంటే ఏమేం ఉండాలి అన్నది విషయం. ప్రతిపక్షాన్ని ఆయన అలంకారంగా చూడలేదు. ఐదేళ్ళకోసారి జనం ఓటు వేసి పాలకుణ్ణి ఆపడం చాలదు, సభలో అక్కడికక్కడ ఆపేవాడు ఉండాలన్నాడు. బ్రిటన్‌లో ప్రతిపక్ష నాయకుడికి జీతం ఇస్తారని గుర్తుచేశాడు. మన పత్రికలు ప్రకటనల డబ్బు కోసం ప్రభుత్వ వార్తలకే చోటిస్తాయని కూడా అన్నాడు.

ఆ ఉపన్యాసంలోనే ఒక ఉదాహరణ చెప్పాడు. ఎనిమిదో ఎడ్వర్డ్ పెళ్ళి గొడవలో ప్రధాని బాల్డ్విన్‌ను పడగొట్టే అవకాశం వచ్చింది. లేబర్ పార్టీ దాన్ని వాడుకోలేదు. రాజ్యాంగ నీతి ముందు తన లాభాన్ని పక్కన పెట్టింది. అంటే ప్రతిపక్షం పని దొరికిన రాయల్లా విసరడం కాదు. మంత్రి పదవి పోయి, ఎన్నికలో ఓడి ఉన్న మనిషి ఈ మాట అంటున్నాడు, చూడండి.

నాయకత్వ మార్పు గురించి కూడా అక్కడే చెప్పాడు. అమెరికా జనానికి దేవుడితో సమానమైన వాషింగ్టన్ రెండోసారి నిలబడడానికే ఇష్టపడలేదనీ, మూడోసారి అడిగితే కాదన్నాడనీ. రాజు వద్దనుకుని తెచ్చుకున్న రాజ్యాంగంలో ఒకే మనిషి కూర్చుండిపోతే ఇంకేం మారినట్టు? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలోనూ రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని హెచ్చరించాడు. ఆ మాట అన్నవాడికే మనం గుళ్ళు కడుతున్నాం.

సరే, విలువలు బాగానే ఉన్నాయి, వాటిని నిలబెట్టే కాళ్ళేవి? ఇక్కడ కరీంనగర్ దగ్గరికి రావాలి. 1952 లోక్‌సభకు దేశం మొత్తం మీద ఫెడరేషన్ గెలిచినవి రెండే సీట్లు. ఒకటి షోలాపూర్‌లో పి.ఎన్. రాజభోజ్, ఇంకొకటి మన కరీంనగర్‌లో ఎం.ఆర్. కృష్ణ. అది ద్విసభ్య నియోజకవర్గం. రెండో సీటు పీడీఎఫ్ తరఫున బద్దం ఎల్లారెడ్డిది. సాయుధ పోరాటం ఆగిన మరుసటి ఏడాది, కాంగ్రెస్‌కు రెండూ దక్కలేదు! కానీ 1957లో అదే కృష్ణ అక్కడి నుంచే కాంగ్రెస్ టికెట్ మీద గెలిచాడు.

ఆ మనిషిని తిట్టి ఊరుకోవడం తేలిక. మేము తిట్టదలచుకోలేదు. 1932 పూనా ఒప్పందం తర్వాత రిజర్వుడు సీటులో నిలబడేది మనవాడే, గెలిపించేది మాత్రం ఊరంతా. మా ఊళ్ళో మా అమ్మానాన్నలు ఓటుకు పోవాలంటే కూలి ఇచ్చే ఆసామి అరుగు ముందు నుంచే పోవాలి. ఆ అరుగు మీద కూర్చున్నవాడికి నచ్చకుండా ఐదేళ్ళు ఎదురు మాట్లాడి మళ్ళీ గెలవడం ఎట్లా? 1985 ఫిరాయింపుల చట్టం గోడ దూకేవాణ్ణి పట్టుకోజూసింది గానీ ఆ అరుగు జోలికి పోలేదు.

అంబేడ్కర్‌కు ఇది తెలుసు. 1953 సెప్టెంబర్ 2న ఆంధ్ర రాష్ట్ర బిల్లు చర్చలో అల్పసంఖ్యాకుల రక్షణకు గవర్నర్‌కు అధికారాలు ఉండాలని వాదించాడు. తను రాసిన రాజ్యాంగాన్ని తానే ముందు కాలుస్తానన్న ప్రసిద్ధమైన మాట ఆ చర్చలోదే. ఆంధ్రలో భూమి, ఉద్యోగాలు, వ్యాపారం రెడ్డి, కమ్మ కులాల చేతిలో ఉన్నాయని, అంటరానివాళ్ళు వాళ్ళమీద ఆధారపడి బతుకుతున్నారని 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. అదే ఏడాది ఫెడరేషన్ కార్యవర్గం చట్టసభల్లో రిజర్వుడు సీట్లు రద్దు చేయమని తీర్మానించింది. ఉద్యోగాల్లో, చదువుల్లో రిజర్వేషన్ సంగతి కాదు ఇది. ఈ తీర్మానాన్ని మన సభల్లో ఎవరూ ఎత్తరు, ఎత్తితే కుర్చీలు కదులుతాయి.

1956 జూలైలో బొంబాయిలో రాజకీయ ప్రవేశ శిక్షణ పాఠశాల తెరిచాడు. చేరింది పదిహేను మంది. పార్లమెంటులో ఎట్లా మాట్లాడాలో, బిల్లు ఎట్లా చదవాలో నేర్పే చోటు అది. తన తర్వాతి వాళ్ళు తన బొమ్మ పట్టుకుని కాదు, చదువు పట్టుకుని రావాలన్నది ఆలోచన. డిసెంబర్ 6న ఆయన పోయాడు. ఆయన తలపెట్టిన రిపబ్లికన్ పార్టీ 1957 అక్టోబర్ 3న నాగపూర్‌లో పుట్టింది. ఒక్కడి చేతిలో కాకుండా నాయకత్వం అధ్యక్షమండలికి ఇచ్చారు. రెండేళ్ళకే చీలింది. బొంబాయి పాఠశాల అంతకుముందే, 1957 మార్చిలోనే మూతపడింది.